స్వామివారి కల్యాణం, ఆచార్యులవారి భుజం

2017 ఫిబ్రవరి నాటికి నేను న్యూజెర్సీలో ఐసెలిన్ ఊళ్ళో, ఓక్ ట్రీ రోడ్డు చీరల కొట్లకు కొంచెం వెనగ్గా ఉన్న ఒక చైనా వైద్యశాలలో సీనియర్ బాడీవర్క్ థెరపిస్టుని. హోదా వినడానికి బరువుగానే ఉంటుంది. అక్కడ థెరపిస్టులం ఇద్దరమే. రెండో అతను నా తర్వాత చేరాడు కాబట్టి నేను సీనియర్ని. మా ఇద్దరి పైనా డాక్టర్ లిన్. ఆవిడ షాంఘైలో ఒక పెద్దాసుపత్రిలో ట్వేనా విభాగంలో పనిచేసి వచ్చిన మనిషి. ట్వేనా అంటే చైనావాళ్ళ మర్దన వైద్యం. ‘ట్వే’ అంటే నెట్టడం, ‘నా’ అంటే పట్టుకోవడం. అక్కడ అది ఆసుపత్రిలో ఒక శాఖ, మనకు ఎముకల శాఖ ఉన్నట్టే. అమెరికాకు వచ్చాక ఆవిడ ఆక్యుపంక్చర్ లైసెన్సు తీసుకుంది. నాకు రాష్ట్ర బోర్డు ఇచ్చింది మసాజ్, బాడీవర్క్ లైసెన్సు. ఆ లైసెన్సుతో నేను చేతులతో ఏ పనైనా చేయవచ్చు. రోగానికి పేరు మాత్రం పెట్టకూడదు, ఎవరికీ ‘నయమైంది’ అని కాగితం రాసివ్వకూడదు. ఈ చివరి నిబంధన గుర్తుంచుకోండి, దానితో పని పడుతుంది.

నరసరావుపేట కుర్రాడికి చైనా వైద్యంతో ఏం పని అని అడిగేవాళ్ళకు నా సమాధానం ఒకటే: నడుము. మా నాన్నది కిరాణా, పెదనాన్నది ఇత్తడి సామాను, మేనమామది బట్టల కొట్టు. బేరం ఆడకుండా కొంటే అమ్మినవాడికి కూడా ఆ రాత్రి నిద్ర పట్టదని మా ఇంట్లో గట్టి నమ్మకం. మా బావ ఐసెలిన్‌లో పెట్టిన గ్రోసరీలో సాయానికి వచ్చి, బియ్యం బస్తాలు మోసి మోసి నడుము విరగ్గొట్టుకుని, లిన్ గారి బల్ల మీద పడ్డాను. బల్ల మీద బోర్లా పడుకుని ఉండగానే ఫీజు తగ్గించమని బేరం మొదలుపెట్టాను. ఆవిడ తగ్గించలేదు. నేను ఆపలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు ఆవిడే, ఇంత ఓపిక ఉన్నవాడివి, చేతులు కూడా పెద్దవి, ఈ పనే నేర్చుకోరాదా అంది. ఆ తర్వాత నన్ను కూర్చోబెట్టింది ఎక్కడనుకున్నారు? ఒక బియ్యం సంచీ ముందు. ట్వేనా నేర్చుకునేవాళ్ళు మనిషిని ముట్టుకునే ముందు నెలల తరబడి సంచీ మీదే సాధన చేయాలి. అరచేతి వెనక భాగాన్ని, చిటికెనవేలి వైపు నుంచి, అప్పడాల కర్రలా అటూ ఇటూ దొర్లించాలి. దొర్లాలి కాని జారకూడదు. రాసుకోకూడదు. చెయ్యి ఒకేచోట అతుక్కుని ఉండి, బరువు మాత్రం లోపలికి దిగాలి.

ఆ పట్టుకు నాలుగు లక్షణాలు చెబుతారు. ఆగకుండా సాగాలి, బలం ఉండాలి, హెచ్చుతగ్గులు ఉండకూడదు, మెత్తగా ఉండాలి. ఈ నాలుగూ కుదిరితే ఐదోది, అంటే లోతు, దానంతట అదే వస్తుందని లెక్క. మన తెలుగువాళ్ళకు ఈ నాలుగింటిలో బలం ఒక్కటే నచ్చుతుంది. ‘ఇంకొంచెం గట్టిగా అంకుల్, ఏమీ తెలియట్లేదు’ అనని సాఫ్ట్‌వేర్ అబ్బాయి నా ఉద్యోగకాలంలో ఒక్కడూ తగల్లేదు. నొప్పికి అరిస్తే కాని ఇచ్చిన డబ్బుకు సరుకు ముట్టినట్టు ఉండదు మనకి.

ఇక సూత్రం సంగతి. ఒంట్లో దారులున్నాయనీ, వాటిలో ప్రాణశక్తి నడుస్తుందనీ, దారి సాగితే నొప్పి ఉండదనీ, నొప్పి ఉందంటే ఎక్కడో దారి సాగడం లేదనీ వాళ్ళ శాస్త్రం. నొప్పి ఒకచోట, అడ్డు ఇంకోచోట ఉండొచ్చు. ఒంటిని కోసి ఆ దారులను చూపించినవాళ్ళు ఎవరూ లేరని నాకు తెలుసు. నేను వాటిని పాత రోడ్డు పటంలా వాడుకున్నాను. ఊరు చేర్చినంత కాలం పటం గీసినవాడి డిగ్రీ అడగడం మా వంశంలో లేదు.

ఆ ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఐసెలిన్ దగ్గరి వెంకటేశ్వరస్వామి గుడి ప్రధాన అర్చకులు శేషాచార్యుల వారిని వెంటబెట్టుకుని గుడి కమిటీ అధ్యక్షుడు ప్రభాకర్ గారు వచ్చారు. ప్రభాకర్ గారు ఒక బ్యాంకులో ఐటీ డైరెక్టరు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, కూర్చున్నప్పుడు కూడా నిలబడినట్టే ఉంటారు. ఆచార్యులవారికి యాభై దాటాయి. కుడి భుజం బిగుసుకుపోయి నాలుగు నెలలైంది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీసి, విరిగిందీ అరిగిందీ ఏమీ లేదని చూసి, ఫ్రోజెన్ షోల్డర్ అని రాసిచ్చాడు. చైనావాళ్ళు దీన్ని ‘యాభయ్యేళ్ళ భుజం’ అంటారు. ఆ వయసులోనే ఎక్కువగా వస్తుంది. ఎందుకు వస్తుందో చాలాసార్లు తెలియదు. తనంతట తనే ఏడాదికో రెండేళ్ళకో వదులుతుంది. వైద్యం చేసేది ఆ నడక కొంచెం సుఖంగా, కొంచెం త్వరగా సాగడానికే.

ఏడాదీ రెండేళ్ళూ అన్న మాట వినగానే ప్రభాకర్ గారు ఫోన్ బల్ల మీద పెట్టేశారు.

“సుబ్బయ్య గారూ, మే లాంగ్ వీకెండ్‌లో మాకు కల్యాణం ఉంది. టైమ్‌లైన్ చెప్పండి.”

విషయం ఆయన నోటి నుంచే బయటికొచ్చింది. కల్యాణంలో మాంగల్యధారణకు ముందు అర్చకుడు సూత్రాన్ని కుడిచేత్తో తలకు మించి ఎత్తి, హాల్లో మూడు వైపులా ఉన్న జనానికి చూపించాలి. ఆ దృశ్యం కోసమే జనం వస్తారు. ఆచార్యులవారి చెయ్యి అప్పటికి రొమ్ము దాటి లేవడం లేదు. ఆయన అమెరికాలో ఉన్నది అర్చకులకిచ్చే వీసా మీద. దాని గడువు చివరి ఏడాదిలో ఉంది. గ్రీన్ కార్డు పిటిషన్ గుడే వెయ్యాలి. కమిటీలో కొందరు, చెయ్యి లేవని అర్చకుడికి పిటిషన్ ఎందుకు, ఫలానా చోట వయసులో ఉన్న అర్చకుడు రావడానికి సిద్ధంగా ఉన్నాడు అంటున్నారు. ప్రభాకర్ గారిది మధ్యేమార్గం. కల్యాణం చూసి డిసైడ్ చేద్దాం అన్నారట. పక్కనే కూర్చున్న ఆచార్యులవారు ఇదంతా ఎవరి సంగతో వింటున్నట్టు విన్నారు. ఆయన కూతురు ఇక్కడి హైస్కూల్లో పదకొండో క్లాసు. పిటిషన్ పడకపోతే ఆ అమ్మాయి చదువు మధ్యలో ముల్లె సర్దుకోవాలి.

టైమ్‌లైన్ నేను చెప్పలేదు. ఎవరి బండి మీదో రావాల్సిన సరుకుకు ఫలానా రోజని మాటివ్వకూడదని మా నాన్న పాఠం. ప్రభాకర్ గారు నా మౌనాన్ని అంగీకారంగా తీసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయారు.

ఆచార్యులవారిని బల్ల మీద కూర్చోబెట్టాక ఆయన సంకోచం బయటపడింది. పొద్దుటి పూజ అయి వచ్చారు, సాయంత్రం మళ్ళీ ఆరాధన ఉంది. మడిలో ఉన్నప్పుడు సొంత కూతురు కూడా దూరంగా నిలబడే మాట్లాడుతుందట. “మీ చెయ్యి పడిందంటే మళ్ళీ తలస్నానం చెయ్యాలి శెట్టిగారూ. బయట మంచు. ఆ చన్నీళ్ళతో మీరు బాగుచేసిన భుజం మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది,” అన్నారు. నేను ఏదో ఒకటి అనేలోపే ఆయన సంచీలోంచి మడతపెట్టిన పట్టు ఉత్తరీయం తీశారు. పట్టుకు అంటు లేదని వాళ్ళ నాన్నగారి మాటట. దాని మీద నుంచి అయితే ఇబ్బంది లేదన్నారు.

నా వైపు నుంచీ ఇబ్బంది లేదు. ట్వేనాలో నూనె వాడం. ఒంటి మీద ఒక గుడ్డ కప్పి, దాని మీదనే పనిచేస్తాం. అందరూ వాడేది నూలు గుడ్డ. పట్టుతో చిక్కు ఏమిటంటే అది జారుతుంది. నూలు గుడ్డ మీద చెయ్యి కాస్త రాసుకున్నా ఎవరికీ తెలియదు. పట్టు మీద తప్పు పడిందంటే ఉత్తరీయం జరీ అంచుతో సహా కిందికి దిగి నేల మీద కూర్చుంటుంది. మొదటి పావుగంటలో రెండుసార్లు దిగింది. లిన్ గారు తలుపు దగ్గర నిలబడి చూసి, ఇన్నేళ్ళకు నీకు సరైన పరీక్షాధికారి దొరికాడు అని ఇంగ్లీషులో అని వెళ్ళిపోయింది. ఆచార్యులవారు నవ్వారు. ఎందుకు నవ్వారో అడిగితే, “అర్థం కాలేదు, కానీ మిమ్మల్నే అన్నదని తెలిసింది” అన్నారు.

వారానికి రెండుసార్లు వచ్చేవారు. పని వరుస ఇది: ముందు మెడ, భుజం, రెక్క ఎముక చుట్టూ మెత్తగా దొర్లింపు. కండ వదులయ్యాక భుజం అంచున ఉండే బిందువుల మీద బొటనవేలితో నొక్కుడు. ఆ తర్వాతే కీలును నెమ్మదిగా తిప్పడం. చివర్లో చెయ్యి మొత్తం పట్టుకుని తడిబట్ట విదిల్చినట్టు సన్నగా కదపడం. వరుస తప్పి ముందే కీలు తిప్పితే కండ భయపడి మరింత బిగుస్తుంది. ఇంటి దగ్గర గోడ మీద వేళ్ళతో పైకి పాకించమన్నాం. ఆయన గుడి వంటింటి గోడ మీద పాకించి, చేరిన చోట కుంకుమ బొట్టు పెట్టుకునేవారు. వాళ్ళావిడ, గోడకు పెళ్ళి చేస్తున్నారా అని అడిగిందట.

మూడో వారంలో జరిగింది చెప్పాలి. భుజానికి చైనావాళ్ళు వాడే బిందువుల్లో ఒకటి మోకాలి కింద, పిక్క ఎముక పక్కన ఉంటుంది. అక్కడ నొక్కుతూ రోగిని చెయ్యి కదపమంటారు. నేను ఉత్తరీయం ఒక చివర ఆయన కాలి మీద కప్పి, వంగి, పిక్క మీద చెయ్యి వేశాను. వేశానో లేదో ఆయన కుడిచెయ్యి గబుక్కున పైకి లేచి నా నెత్తి మీదికి వచ్చింది.

“దీర్ఘాయుష్మాన్ భవ.”

గోడ మీద బొట్టు పెట్టిన ఎత్తుకు జానెడు పైన ఉంది ఆ చెయ్యి. ఆయన దాన్ని చూసుకుని, నొప్పి గుర్తొచ్చి, “అయ్యో” అని దించేశారు. ముప్ఫై ఏళ్ళుగా ఎవరు కాళ్ళ దగ్గర వంగితే వాళ్ళ మీదికి లేచిన చెయ్యి అది. భుజాన్ని అనుమతి అడగలేదు.

లిన్ గారికి చెబితే ఆవిడ వచ్చి మళ్ళీ చేయించింది. రెండోసారి అంత రాలేదు. అయినా ఆవిడకు కావలసింది దొరికింది. బిగుసుకున్నది ఎంత, భయపడి ఆపుకుంటున్నది ఎంత అన్నది వైద్యుడికి ముందు తెలియాలి. ఆచార్యులవారి భుజంలో కొంత నిజంగానే అతుక్కుని ఉంది. దానికి కాలం తప్ప మందు లేదు. మిగతాది కాపలా. నొప్పి వస్తుందేమోనని కండలు ముందే తలుపులు వేస్తున్నాయి. మనసు వేరే పనిలో ఉన్నప్పుడు కాపలావాడు కునుకు తీస్తాడు. కాలి మీద బిందువు చేసే పని కూడా చాలావరకు అదే కావచ్చని నాకు అనిపించింది. ఆవిడ ఒప్పుకోలేదు. దారి దారే అంది. నేను వాదించలేదు. ఆ రోజు నుంచి నేను పిక్క నొక్కిన ప్రతిసారీ ఆయన ఆశీర్వదించాలని ఒప్పందం. ఆ లెక్కన నాకు వచ్చిన దీర్ఘాయుష్షు రెండు మూడు తరాలకు సరిపోతుంది.

ఏప్రిల్ మొదట్లో కుంకుమ బొట్లు గడ్డం దాటి ముక్కు దాకా ఎక్కాయి. అప్పుడే ప్రభాకర్ గారు మళ్ళీ వచ్చారు. కమిటీకి చూపించడానికి, మేలో చెయ్యి లేస్తుందని ఒక ముక్క రాసివ్వమన్నారు. నా లైసెన్సుతో అది కుదరదన్నాను. నోటితో చెప్పమన్నారు. అదీ కుదరదన్నాను. మరి మీ వైద్యం పనిచేస్తుందని నేను దేన్ని చూసి నమ్మాలి అని ఆయన తల కుడివైపు తిప్పబోయి, మధ్యలో ఆగి, మెడ పట్టుకున్నారు. పొద్దున్న లేచినప్పటి నుంచి పట్టేసిందట.

ఇక్కడ నాలోని కొట్టువాడు లేచాడు. కొనేవాడు బెల్లం మీద అనుమానపడితే మాటలు వృథా. చిటికెడు చిదిపి చేతిలో పెట్టాలి. చైనావాళ్ళకు సరిగ్గా ఈ మెడపట్టు కోసమే ఒక బిందువు ఉంది. చేతి వెనక, చూపుడువేలు, మధ్యవేలు ఎముకల మధ్య సందులో. లిన్ గారు చూసి, జ్వరం లేదు, చెయ్యి తిమ్మిరి లేదు, పడిపోయింది లేదు అని అడిగి తెలుసుకుని సరేనంది. నేను అక్కడ నొక్కి పట్టుకుని, మెడ నెమ్మదిగా తిప్పమన్నాను. తిప్పారు. ఇంకొంచెం తిప్పమన్నాను. రెండు నిమిషాల్లో ఆయన తల కుడి భుజం మీదుగా వెనక తలుపును చూస్తోంది.

“హౌ?” అన్నారాయన. తర్వాత మళ్ళీ తిప్పి చూసుకుని, “ఇదే ఆచార్యుల గారికి కూడా కొట్టెయ్యండి మరి. ఇన్ని వారాలెందుకు?”

సరుకు చూపించి అమ్ముకోవడంలో ఒక ప్రమాదం ఉంది. మరీ తియ్యటి ముక్క చేతికి వస్తే బస్తా అంతా అలాగే ఉంటుందనుకుంటాడు కొనేవాడు. పొద్దున్న పట్టిన మెడ సాయంత్రానికి దానంతట అదే వదలగలదు. నెలల తరబడి గడ్డకట్టిన భుజం వేరు. లిన్ గారు చెప్పే మాట ఒకటుంది: తొందర పనికి కొమ్మను చూడు, తీరిక పనికి వేరును చూడు. మెడది కొమ్మ, భుజానిది వేరు. ఇదంతా నేను ఆయనకు చెప్పాను. ఆయన వింటూనే ఫోన్‌లో టైపు చేస్తున్నారు. ఇంటికి చేరేసరికి గుడి వాట్సాప్ గ్రూపులో కనిపించింది. స్వామి దయవల్ల, ఒక అద్భుతమైన చైనా వైద్యం వల్ల, ఆచార్యుల వారి భుజం బాగైంది, కల్యాణం యథావిధిగా జరుగుతుంది అని. కింద యాభై నమస్కారాల బొమ్మలు.

అనుమానించే మనిషితో వేగడం సులువు. నమ్మేసినవాడితోనే కష్టం.

దాని ఫలితం రెండు వారాల్లో తెలిసింది. అది కొత్త కార్ల కాలం. బోనస్‌లు పడతాయి, టెస్లాలు వస్తాయి, గుడి పార్కింగ్‌లో వాహనపూజలకు వరస కడతారు. అప్పటిదాకా భుజం కారణంగా ఆచార్యులవారు వాహనపూజలు ఆపేశారు. గ్రూపులో మెసేజ్ చూసి జనం వచ్చారు. స్వామీ, బాగైందటగా అన్నారు. వద్దనలేకపోయారాయన. వాహనపూజలో మంత్రాలు కష్టం కాదు, కొబ్బరికాయ కష్టం. చెయ్యి వెనక్కి తీసి, పైనుంచి విసిరి, ఒకే దెబ్బకు పగలాలి. పగలకపోతే కారు యజమాని మొహం మాడుతుంది. ఒక ఆదివారం సాయంత్రం దాకా ఆయన కాయలు కొట్టారు.

సోమవారం ఆయన చేతిని ఎడమచేత్తో మోసుకుంటూ వచ్చారు. రొమ్ము దాకా కూడా లేవలేదు. నేను కోప్పడబోతే, “వాళ్ళ పిల్లాడు మొదటి కారు కొనుక్కున్నాడు శెట్టిగారూ. నా భుజం బాలేదని ఎలా చెప్పను?” అన్నారు. ఆ రోజు భుజాన్ని తాకలేదు. వాచి వేడిగా ఉన్న కీలు మీద మర్దన చేయకూడదు. కాలి మీదా, మెడ మీదా మాత్రం పనిచేసి పంపేశాను. ఆశీర్వాదం ఎడమచేత్తో ఇవ్వబోయి, అది కూడదని గుర్తొచ్చి, నోటితో ఇచ్చారు.

కల్యాణానికి నెల మాత్రమే ఉంది. కమిటీ ఆ ఆదివారం గుడి డైనింగ్ హాల్లో కూర్చుంది. లిన్ గారిని పంపమని అడిగారు. ఆవిడ, బేరాలు నీ శాఖ అని నన్ను పంపింది. ఎజెండాలో ఒకటే అంశం. వయసులో ఉన్న ఆ రెండో అర్చకుడిని కల్యాణానికి పిలిపించి, అట్నుంచి అటే ఉంచేయడమా అని. ఆచార్యులవారు కూడా ఒక మూల కూర్చున్నారు.

నన్ను అడగ్గానే నేను, ఆచార్యులవారికి మూడు నెలలు పూర్తి సెలవు కావాలన్నాను. కల్యాణం కూడా చేయకూడదన్నాను. ఆహ్వానపత్రికలు అచ్చయ్యాయి, ఆయన పేరు పడింది, ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. ఒక డాక్టరు గారు ఇది ఇంపాజిబుల్ అన్నారు. నాకు కావలసింది ఆ మాటే. మొదటి ధర విని కొనేవాడు గుండె పట్టుకోకపోతే ఆ ధర తక్కువ చెప్పినట్టు. మూలనుంచి ఆచార్యులవారు నెమ్మదిగా, “శెట్టిగారూ, బేరం నా గురించే కాబట్టి నన్ను కూడా ఓ మాట అడగండి” అన్నారు. నేను వినిపించుకోలేదు.

అక్కడి నుంచి మెట్టు మెట్టుగా దిగాను. కల్యాణం ఆయనే చేస్తారు. కాయలు కొట్టరు, కలశాలు ఎత్తరు, హారతి పళ్ళెం పట్టరు. వాటికి వర్జీనియాలో షాంటిలీ గుడి నుంచి ఒక అర్చకుడిని మూడు రోజులకు రప్పించాలి. ఆచార్యులవారు మంత్రం చెబుతారు, ఒక్కసారి, ఒకే ఒక్కసారి, సూత్రం ఎత్తి చూపిస్తారు. ఇక్కడిదాకా ఒప్పుకున్నారు. చివరికి నేను అసలు అడగాలనుకున్నది అడిగాను. పిటిషన్ కల్యాణానికి ముందే సంతకం పెట్టి పంపండి అని.

ప్రభాకర్ గారు నా కళ్ళలోకి చూశారు. ఆయనా ఏదో ఊళ్ళో ఎవరో కొట్టువాడి మనవడే అయి ఉండాలి. “అది కల్యాణం అయ్యాక చూద్దాం సుబ్బయ్య గారూ,” అన్నారు.

‘చూద్దాం’ అన్న మాట మా కొట్లో వేలసార్లు విన్నాను. ఆ మాట అని వెళ్ళినవాళ్ళలో తిరిగి వచ్చినవాళ్ళు తక్కువ.

ఆ నెలలో లిన్ గారు వైద్యం దారి మార్చింది. భుజం మొత్తం బాగు చేయడం పక్కన పెట్టాం. వెనక్కి తిప్పడం, జేబులో చెయ్యి పెట్టడం, దేన్నీ పట్టించుకోలేదు. ఒకే కదలిక, ముందు నుంచి పైకి. దానికి అడ్డొచ్చే రొమ్ము కండను, రెక్క ఎముకను వదులు చేయడమే పని. రోజు విడిచి రోజు వచ్చేవారు. బొట్లు మళ్ళీ గడ్డం దాకా, ముక్కు దాకా, కల్యాణం ముందు రోజుకు నుదుటి దాకా వచ్చాయి. నుదురు చాలదు. తల దాటాలి.

కల్యాణం రోజున హాలు నిండిపోయింది. లిన్ గారు ఎర్ర కోటు వేసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. షాంటిలీ అర్చకుడు కలశాలు మోశాడు, కాయలు కొట్టాడు. ఆచార్యులవారు మైకులో మంత్రాలు చెబుతుంటే ఎవరికీ ఏ లోటూ కనిపించలేదు. మాంగల్యం ముహూర్తం వచ్చింది. గట్టిమేళం మోగింది. మేళం స్పీకర్లలో వచ్చేదే అయినా ఒళ్ళు జలదరించింది. హాలంతా ఫోన్లు పైకి లేచాయి. ముందు వరసలో ప్రభాకర్ గారి ఫోన్ కూడా.

ఆచార్యులవారు సూత్రాన్ని పట్టుకున్నారు. చెయ్యి రొమ్ము దాటింది, గడ్డం దాటింది, నుదుటి దగ్గర ఆగింది. ఆయన మొహంలో ఏమీ లేదు కాని, మోచెయ్యి సన్నగా వణకడం నాకు అంత దూరం నుంచి కనిపించింది. అప్పుడాయన ఎడమచేతిని తెచ్చి కుడి మోచేతి కింద ఆనించారు. ఆనించి, మెల్లగా, ఎడమచేత్తో కుడిచేతిని మోస్తూ పైకి నెట్టారు. మంచం మీద పడుకుని చెయ్యమని మేము ఇంటికి ఇచ్చిన కసరత్తే అది. ఆయన దాన్ని నిలబడి, అంతమంది ముందు చేశారు. సూత్రం తల దాటి, స్వామివారి కిరీటం అంత ఎత్తుకు వెళ్ళింది. అలాగే మోచెయ్యి పట్టుకుని మూడు వైపులా తిరిగారు.

“దొంగాట ఆడుతున్నాడు,” అంది లిన్ గారు నా చెవిలో, ఎంతో మెచ్చుకోలుగా.

నా వెనకున్న పెద్దావిడ పక్కావిడతో అంటోంది: “చూశారా, ఎంత వినయమో. పెద్దలకు తాంబూలం ఇచ్చేటప్పుడు మోచెయ్యి పట్టుకుని ఇస్తాం చూడండి, అలా చూపిస్తున్నారు. మా ఊళ్ళో కూడా ఇంత భక్తిగా చెయ్యరు.” కళ్ళు తుడుచుకుంది కూడా. గోవిందా అని హాలు దద్దరిల్లింది.

ప్రభాకర్ గారు ఆ వీడియోను గ్రూపులో పెట్టారు. దాని కింద వచ్చిన మెచ్చుకోళ్ళను చదివి, ఆ వారంలోనే కమిటీ చేత పిటిషన్ మీద సంతకాలు పెట్టించారు. నాకు ఫోన్ చేసి చెబుతూ, ఆ మోచెయ్యి పద్ధతి ఆగమంలో ఉన్నదేనా అని అడిగారు. ఆ సంగతి ఆచార్యులవారినే అడగమన్నాను. ఆయన అడిగారట. ఆచార్యులవారు, వినయం అన్ని ఆగమాల్లోనూ ఉంది అన్నారట.

భుజం పూర్తిగా వదలడానికి ఇంకో తొమ్మిది నెలలు పట్టింది. ముందే అనుకున్నట్టు అది తన తీరిక మీదే వదిలింది. మరుసటి ఏడాది కల్యాణంలో ఆయన ఒంటిచేత్తో, గాలిపటం ఎగరేసినంత తేలిగ్గా సూత్రం ఎత్తి చూపించారు. ఆ సాయంత్రం కమిటీకి ఫిర్యాదులు వచ్చాయి, ఈసారి పోయినేడు ఉన్నంత భక్తి లేదని. ఆ తర్వాతి ఏటి నుంచి ఆయన ఏ నొప్పీ లేని భుజానికి మోచెయ్యి పట్టుకునే ఎత్తుతున్నారు. షాంటిలీ గుడిలో కూడా ఇప్పుడు అలాగే చేస్తున్నారని విన్నాను.

ఈ ఉదంతం తర్వాత నా పని పద్ధతిలో ఒక మార్పు వచ్చింది. అంతకు ముందు రోగి రాగానే నొప్పి ఎక్కడ అని అడిగేవాణ్ణి. ఆ తర్వాత రిటైరయ్యే దాకా, మీరు తప్పకుండా చెయ్యాల్సిన పని ఏది అని అడిగాను. ఒకావిడ పసిపిల్లను తొట్టెలోంచి ఎత్తాలంది. ఒకతను కారు వెనక్కి తీసేటప్పుడు మెడ తిరగాలన్నాడు. మొత్తం బాగుపడటానికి ఎంత కాలం పడుతుందో మా చేతుల్లో లేదు. ఆ ఒక్క పనికి కావలసినంత కదలిక చాలాసార్లు ముందుగానే సంపాదించవచ్చు. వైద్యం అక్కడ మొదలుపెట్టాలి. తొందరపడుతున్నామని తెలిస్తే శరీరం ధర పెంచుతుంది. తక్కువ అడిగినవాడికే అది త్వరగా ఇస్తుంది.